ఊఁ ఆగిపోయిన చోటు

నా చిన్నప్పుడు అనకాపల్లిలో నేను ఏ కథ చదివినా మా పక్కింటి మామ్మ వాక్యం వాక్యానికీ ‘ఊఁ’ కొట్టేది. చూపు పూర్తిగా పోయాక ఆవిడకు మిగిలిన సరదా అదొక్కటే. భర్త బెల్లం వ్యాపారం చేసే రోజుల్లో వారపత్రికలోని సీరియల్ కాగితాలు కత్తిరించి, గోతాలు కుట్టే దబ్బనంతో, పురికొసతో తనే పుస్తకంగా కుట్టుకుంది. పేజీ తిప్పితే బెల్లం వాసన వచ్చేది, అప్పుడప్పుడు ఓ చీమ కూడా.

రోజుకో వారం కథ చదవడం నా పని. ఆదివారమైతే రెండు వారాలు. ఒక ఆదివారం మావాళ్ళంతా మ్యాట్నీకి బయల్దేరుతున్నారు. మామ్మకు చదివి పెట్టాకే రమ్మంది మా అమ్మ. నా ప్రాణమంతా సినిమా హాల్లోనే ఉంది. మొదటి వారం మొత్తం తిప్పేసి రెండోది అందుకున్నాను. కళ్ళు లేని మనిషికేం తెలుస్తుందిలే అనుకున్నాను, సిగ్గులేనిదాన్ని!

ప్రతి వారం మొదట్లో ‘జరిగిన కథ’ అని నాలుగు ముక్కలుంటాయి కదా, కంగారులో అదీ చదివేశాను. కథలో పిల్ల తల్లి చనిపోయిందని ఉంది అందులో. మేం చదివినంతవరకు ఆ తల్లి బతికే ఉంది.

ఊఁ ఆగిపోయింది.

“సినిమాకి టైమైపోతందేటే?” అంది మామ్మ, నవ్వుతూనే. “ఆ వారం కోసం మేం ఏడు రోజులు కాసుక్కూకునేవోళ్ళం. నువ్వు పావుగంట కూకోలేవేటి? ఎల్లి సూసిరా. వదిలేసింది రేపు సదూదుగాని. నానెక్కడికి పోతానే?”

తిట్టినా బాగుండేది. సినిమా చూశానన్న మాటే గానీ ఒక్క బొమ్మా గుర్తులేదు. మర్నాడు బడి నుంచి పరుగున వెళ్తే వాళ్ళ గుమ్మం ముందు జనం. మధ్యాహ్నం నిద్రలోనే పోయిందన్నారు.

కర్మలయ్యాక ఆ పుస్తకం నాకే ఇచ్చారు. ఖాళీ మంచం పక్కన కూర్చుని, వదిలేసిన వారం ఏడుస్తూ గట్టిగా చదివాను. ఎవరూ ఊఁ కొట్టలేదు.

ఇప్పుడు నాకూ మనవలున్నారు. మధ్యాహ్నం పూట ఒక్కదాన్నే ఏ కథ చదువుకుంటున్నా పక్కనుంచి సన్నగా ‘ఊఁ’ వినిపిస్తూనే ఉంటుంది. భయమేస్తుంది, బాగుంటుంది కూడా. ఎప్పుడైనా విసుగొచ్చి ఒక పేజీ తిప్పేశానా, టక్కున ఆగిపోతుంది. మళ్ళీ వెనక్కి తిప్పి, మొదటి వాక్యం నుంచి పైకే చదువుతాను.