ప్రదక్షిణ తిరిగిన ఫ్యాను

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. కుడతిని విద్యుత్ కేంద్రంలో ట్రైనీగా చేరి నాలుగు నెలలైనా నిండలేదు, డిప్లొమా కాగితం మడత నలగలేదు, అయినా కరెంటుతో నడిచేది ఏదైనా నా చేతికిస్తే చాలు, దాని సంగతి తేల్చేస్తానని గట్టి నమ్మకం. ఇప్పుడు కొత్త ట్రైనీలు అదే ధీమాతో నా ముందుకొచ్చి నిలబడితే నాకు కోపం రాదు. (కొంచెం భయం వేస్తుంది, అంతే.)

మా మేనమామ బళ్లారి గాంధీనగర్‌లో ఉంటాడు. సేద్యం చేసుకునే ఇంట్లో పుట్టి, ఖనిజం తోలే లారీల్లోకి దిగిన మనిషి. ఇంట్లో మంచం మీద పడుకునే, వీధిలో పోయే లారీ చప్పుడు విని దానికేం జబ్బో చెప్పేవాడు. అంతటి మనిషీ ఒక్క కారు దగ్గర మాత్రం చంటిపిల్లాడైపోయేవాడు. అది రెండే సీట్లున్న ఎర్ర స్పోర్ట్స్ కారు, వయసులో నాకంటే పెద్దది. గనుల ఆసామి ఎవరో విసుగెత్తి వదిలేస్తే మామ ముచ్చటపడి తెచ్చుకున్నాడు. మా ఊరి ఎండకి అది ఊరు దాటీ దాటకముందే మరిగేది. ముందు నుంచి ఆవిరి లేస్తుంటే, పక్కన కూర్చున్న అత్త పైట నెత్తిన కప్పుకుని, తనకూ ఆ బండికీ ఏ చుట్టరికమూ లేనట్టు పొలాల వైపు చూసేది. ఆ ఏడాది దసరా ముందు, రేడియేటరు వెనక ఇంజనుతో పాటు తిరిగే ఫ్యాను రెక్కలు కూడా విరిగిపోయాయి. అలాంటిది ఇంకొకటి ఎంత వెతికినా దొరకలేదు. ఇక అత్త తేల్చి చెప్పింది. విజయదశమి నాడు దోణిమలైలో ఉండే వాళ్ల అన్నకు బన్ని ఆకు (జమ్మిని మేమలాగే అంటాం) ఇవ్వడానికి ఆ కారులోనే వస్తుంది, దారిలో ఒక్కసారి మరిగి నిలిచినా అది నేరుగా గుజిరీలో పాత ఇనుము కింద పడాలి. మామ దేవుడి గూటి ముందు నిలబడి సరేనన్నాడు. ఆ రాత్రి అన్నం సరిగా తినలేదని అత్తే నాకు చెప్పింది.

విచిత్రమేమిటంటే ఆ గుజిరీలోనే మాకు దారి దొరికింది. ముక్కు పగిలిన వ్యాను ఒకటి అక్కడ పడి ఉంది, దాని ఎలక్ట్రిక్ ఫ్యానుకి మాత్రం గీత కూడా పడలేదు. దాన్ని విప్పుకొచ్చి, మామ షెడ్డులో బల్ల మీద నిలబెట్టి, బ్యాటరీ వైర్లు తగిలించాను. గిర్రున తిరిగింది. మెచ్చుకుంటాడని తలెత్తి చూస్తే మామ మొహం వాడిపోయి ఉంది. ఫ్యానుకు ఎదురుగా నిలబడి, గాలిలో వేలు తిప్పి చూసుకుంటున్నాడు.

"ఏందప్పా డిప్లొమా, ఇది అప్రదక్షిణ తిరుగుతాండాది. ఆయుధ పూజకు బిగించే చక్రం ఎడమకి తిరగొచ్చునా?"

ఫ్యాను రెక్కల వంపు ఏ పక్క తిరగడానికని పెట్టారో అటే తిరగాలి మామా అని నేను అప్పుడు చెప్పి ఉండాలి. కానీ ఆ మాట నాకే తట్టలేదు. నా విద్య చూపించుకునే అవకాశం దొరికిందన్న సంబరంలో, ఇది డీసీ మోటరు, రెండు వైర్లు అటుదిటు చేస్తే చాలునని మార్చేశాను. ఫ్యాను కుడికి తిరిగింది, మామ దండం పెట్టాడు. కారుకు బిగించి, మామ చేతికందేలా దానికో స్విచ్ పెట్టి, షెడ్డు నీడలో ఫ్యాను వేసి అరగంట ఇంజను నడిపితే వేడి చూపించే సూది కదల్లేదు. చెయ్యి పెట్టి గాలి వస్తోందా లేదా అని చూశాను గాని, ఎటు వస్తోందో చూడలేదు. మర్నాడు ఆయుధ పూజలో దానికి పెద్ద బొట్టు, చక్రాల కింద నిమ్మకాయలు, అన్నీ జరిగాయి.

విజయదశమి పొద్దున మామ, అత్త కారులో, వెనక స్కూటరు మీద రెండు క్యాన్ల నీళ్లతో నేను. (నమ్మకం నమ్మకమే, నీళ్లు నీళ్లే.) కుడతిని దాటాం, బండికి ఏమీ కాలేదు. పొద్దుటి చల్లదనానికి తోడు ఎదురుగాలే చల్లబరుస్తుంటే మామ ఫ్యాను స్విచ్ వెయ్యనే లేదు. సండూరు కొండల ఎక్కుడు మొదలయ్యాక, పండగని కూడా ఆగని ఖనిజం లారీల వెనక నత్తనడక పట్టింది. సూది లేచింది, మామ స్విచ్ వేశాడు. సూది ఇంకా లేచింది. రెండో మలుపులో ఆవిరి కూడా లేచింది.

కారు పక్కకు తీసి ఇంజను ఆపి మామ దిగాడు. కొత్త కండువాతో బానెట్ మీది దుమ్ము తుడవడం మొదలుపెట్టాడు, మెల్లగా, రేపు ఇంటి నుంచి పంపేసేదాన్ని తుడిచినట్టు. ఫ్యాను మాత్రం ఇంకా బుర్రుమంటూ తిరుగుతూనే ఉంది. అత్త దిగింది. పందెం ఆమె గెలిచింది, కానీ మొహంలో గెలుపు లేదు. కొంగున కట్టుకున్న పూజ కుంకుమ పొట్లం విప్పి, పోయేదానికైనా బొట్టు పెట్టి పంపాలంటూ కారు ముందుకు వంగి చిటికెడు తీసింది. ఆ కుంకుమంతా ఎగిరొచ్చి ఆమె మొహాన పడింది. అత్త కళ్లు తుడుచుకుని, ఇంకో చిటికెడు తీసి చూసింది. అదీ తిరిగొచ్చింది.

"ఏందప్పా ఇది, గాలి బయటికి తోస్తాండాది? కళ్లంలో గాలి యాడనుంచి వస్తాండాదో చూసుకోకుండా ఎవురన్నా తూర్పార పడ్తారా?"

అప్పుడు వెలిగింది నాకు. లోపలికి లాగాల్సిన గాలిని మా ఫ్యాను ప్రదక్షిణగా, భక్తిగా బయటికి తోస్తోంది. దారిలో గాలి అటు, ఫ్యాను గాలి ఇటు, మధ్యలో రేడియేటరు ఉడికిపోతోంది. తప్పు నాదేనని ఒప్పుకుని, రెండు వైర్లూ మార్చాను. అత్త ఇంకో చిటికెడు వదిలితే అది బుద్ధిగా లోపలికి పోయింది. ఇంజను చల్లారాక నీళ్లు పోశాను. మామ మాత్రం ఎక్కలేదు, మాట మాటే, నిలిచింది గదా అన్నాడు.

"నిలిచింది కారు గాదు, మీ ప్రదక్షిణ. ఎక్కండి," అంది అత్త.

ఆ కొండంతా ఆవిరి కోసమే చూస్తూ వెనకాల నడిపాను. ఆవిరి రాలేదు. దోణిమలై ఇళ్లు కనబడగానే స్కూటరు ఆపి, మిగిలిన క్యాను నీళ్లు నా నెత్తిన పోసుకున్నాను. అంత హాయిగా ఎప్పుడూ స్నానం చెయ్యలేదు. మొహమంతా ఎరుపేందమ్మా అని వాళ్లన్న అడిగితే, అమ్మవారి కుంకుమ గదన్నా అంది అత్త, కారు మాటే ఎత్తలేదు.

ఆ పొద్దు నోరు మూసుకుని ఉంటే ఆ బండి పీడ వదిలేది గదా, ఎందుకు చెప్పావని చాలా ఏళ్లకు అత్తను అడిగాను. "మీ మామ తుడస్తాండేది నువ్వు చూల్లేదా?" అంది, అంతే.

ఇప్పుడు మా ప్లాంటులో ఏ ఫ్యాను కొత్తగా బిగించినా ముందు నేను కాగితం ముక్క పట్టి చూస్తాను. ట్రైనీలు చాటున నవ్వుకుంటారు. నవ్వనిస్తాను, వాళ్ల వయసులో నేనైతే పగలబడి నవ్వేవాణ్ణి. కారు ఇంకా మామ దగ్గరే ఉంది. సాయంత్రాలు అత్తను ఎక్కించుకుని కుడతిని దాకా పోయివస్తుంటాడు. ఫ్యాను ఎడమకే తిరుగుతుంది. స్విచ్ వేసే ముందు మాత్రం మామ ప్రతిసారీ చెంపలేసుకుంటాడు.