గమకం దగ్గర టిక్

టీవీకి తగిలించుకుని ఆడే పాతకాలపు గేమ్ పెట్టె గుర్తుందా? హైదరాబాదులో కంప్యూటర్ ముక్క వచ్చిన ప్రతివాళ్లూ పెద్ద పెద్ద కంపెనీల్లో చేరిపోతున్న రోజుల్లో, నేను మాత్రం జూబ్లీహిల్స్‌లో ఒక బంగళా పై అంతస్తులో కూర్చుని ఆ పెట్టెకు పాటలు నేర్పుతున్నాను. అప్పటికే దానికి కాలం చెల్లింది. చవక కాబట్టి చిన్న ఊళ్లలో ఇంకా అమ్ముడుపోయేది, మా చిన్న కంపెనీ దానికి కొత్త గేములు తయారుచేసేది. అందులో శబ్దాలు పలికించే చిప్‌తో ఎలా మాట్లాడాలో చెప్పే దిక్కు లేదు. ఎవరో ఇచ్చిన జిరాక్స్ కాగితాలే నాకు గురువు, వాటిలోనూ సగం పేజీలు మాసిపోయాయి.

మా నాన్న సినిమాల్లో ఫ్లూట్ వాయించేవాడు. సినిమాల వెంటే మద్రాసు నుంచి వచ్చి మధురానగర్‌లో అద్దెకు దిగాం. పాటల మధ్య వచ్చే బిట్లు ముప్పై ఏళ్లు వాయించినా ఒక్క తెర మీదా ఆయన పేరు పడలేదు. వాయించేవాళ్ల పేర్లు ఎవరు వేస్తారు? కీబోర్డులోంచే ఫ్లూట్ పలకడం మొదలయ్యాక పిలుపులూ తగ్గిపోయాయి. అయినా రోజూ పొద్దున్నే సంచీ భుజాన వేసుకుని ఫిల్మ్ నగర్‌లో టీ బండి దగ్గరకు వెళ్లి నిలబడేవాడు, ఎవరైనా పిలుస్తారేమోనని.

నా నోరు ఊరుకోదు కదా. "మా గేముకి నువ్వే ట్యూన్ ఇవ్వు నాన్నా, మొదట్లో నీ పేరు వేయిస్తాను" అనేశాను. మా బాసు కూడా సరేనన్నాడు. నాన్న నాలుగు రోజులు కూర్చుని ట్యూన్ కట్టి, స్వరాలు రాసి, గమకం ఊగాల్సిన చోటల్లా పైన అలల్లాంటి గీతలు గీసి ఇచ్చాడు. మర్నాటికల్లా టీ బండి దగ్గర అందరికీ తెలిసిపోయింది. "తెర మీద పేరు పడుతుందే!" అని అమ్మకు ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు.

చిప్‌కి స్వరం చెప్పాలంటే ఒక అంకె ఇవ్వాలి. అది రెండు ముక్కలుగా లోపలికి వెళుతుంది. చిన్న ముక్క మారిస్తే ఏమీ కాదు. పెద్ద ముక్కను ముట్టుకున్నామా, చిప్ ఆ స్వరాన్ని మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుని టిక్‌మంటుంది. విడివిడి స్వరాల్లో అది వినపడదు. నాన్న గమకాలేమో సరిగ్గా ఆ ముక్క మారే చోటే అటూ ఇటూ ఊగుతున్నాయి. ఊగినప్పుడల్లా టిక్, టిక్. శ్రుతి పెంచితే పక్కపక్క అంకెలు పలికే స్వరాల మధ్య దూరం ఎక్కువై గమకం మెట్లు దిగినట్టు వినిపించింది. తగ్గిస్తే ఇంకో చోట టిక్. రెండు వారాల్లో నా తలప్రాణం తోకకొచ్చింది. ఆ టిక్‌ను తప్పించే దొంగదారి ఒకటి ఉందని చాలా ఏళ్ల తర్వాత ఎక్కడో చదివాను. ఆ పూట నాకు అన్నం సహించలేదు.

మా బాసు పక్కా హైదరాబాదీ. ఒక శుక్రవారం నా బల్ల దగ్గరకు వచ్చాడు. "గింత టైం ఏందమ్మా? పిల్లలు బొమ్మను ఉరికిస్తుంటరు, పాట ఎవరింటరు? సోమారం పొద్దుగాల నాకు గావాలె. లేకుంటే పాత గేమ్ ట్యూనే పెట్టేద్దం, ఫికర్ జెయ్యకు" అన్నాడు. పాత ట్యూన్ పెడితే నాన్న పేరు ఉండదు.

ఆదివారం మధ్యాహ్నం పెట్టె ఇంటికి తెచ్చి టీవీకి తగిలించి నాన్నకు వినిపించాను.

"మధ్యలో ఎవరమ్మా చిటికెలేస్తోంది?" అన్నాడు.

చెప్పాను. కోప్పడితే బాగుండుననుకున్నాను. ఆయన కోప్పడలేదు.

"ఏయే స్వరాల దగ్గర వస్తోంది?"

చూపించాను. జేబులోంచి పెన్సిల్ తీశాడు. రికార్డింగుల్లో పద్ధతి అదే. మ్యూజిక్ డైరెక్టర్ వద్దన్నదాన్ని వాయించేవాడు మారుమాట లేకుండా కొట్టేసి, తర్వాతి టేక్‌కి సిద్ధమవుతాడు. నాన్న ఒక్కో అల మీదా అడ్డగీత పెట్టుకుంటూ పోయాడు. "వద్దు నాన్నా" అనాల్సింది. సోమవారం గుర్తొచ్చింది, టీ బండి గుర్తొచ్చింది.

మిగిలిన స్వరాలు ఎక్కించి మళ్లీ వినిపించాను. ఒక్క టిక్ లేదు. గోడగడియారం గంటలు కొట్టినట్టు శుభ్రంగా ఉంది. ఎవరు కట్టినా అలాగే ఉండేది.

నాన్న లేచి నిలబడ్డాడు. కాగితం మీంచి తలెత్తకుండానే అడిగాడు.

"ఓకేనా సార్?"

కూతురితో మాట్లాడుతున్నానన్న ధ్యాసే లేదు ఆయనకు. ముప్పై ఏళ్లూ అందరినీ ఇలాగే అడిగాడు కాబోలు. నాకు ఏడుపొచ్చింది. ఏం చేయను, "ఓకే" అన్నాను.

"అయితే పేరు మాత్రం వేయకండి" అన్నాడు.

వేయలేదు. మర్నాడు పొద్దున కూడా ఆయన సంచీ భుజాన వేసుకుని టీ బండి దగ్గరకు వెళ్లాడు. అక్కడ వాళ్లకు ఏం చెప్పుకున్నాడో నేను అడగలేదు.