చీనీ పూతకు కప్పిన దుప్పటి

ఆ కడప పెద్దాయన మీద నాకు ఇప్పటికీ కోపమే. అరబ్బు దేశంలో, జహ్రాలో, మాకు వీసాలిచ్చి పనికి పెట్టుకున్న ఒకే కఫీల్ ఇంట్లో ఆయన తోటమాలి, నేను డ్రైవర్ని. పెరట్లో ఉన్న ఒకే ఒక్క బత్తాయి చెట్టును ఆయన చీనీ అనేవాడు. అది పూతకొచ్చిందంటే ఇక ఆయనకు తిండి మీద ధ్యాస ఉండేది కాదు. పొద్దు వాలగానే వెళ్లి, జ్వరం వచ్చిన పిల్లల నుదురు చూసినట్టు చేతి వెనకవైపుతో పూతను తాకేవాడు. మంచు పడేలా ఉంటే పాదుకు నీళ్లు పెట్టి, చుట్టూ కర్రలు పాతి, తన దుప్పటే తెచ్చి కప్పేవాడు.

ఒకసారి ఆయనకే జ్వరం వచ్చింది. వణుకుతూనే దుప్పటి నా చేతికిచ్చి చెట్టుకు కప్పమన్నాడు. నాకు ఒళ్లు మండింది.

"నీకేవన్నా పిచ్చెక్కిందా బాబాయ్?"

దుప్పటి తీసుకుని బయటికైతే వెళ్లాను గానీ, ఆయన నిద్రపోయాక తిరిగొచ్చి దాన్ని ఆయనకే కప్పేశాను.

తెల్లారేసరికి మంచుకు పూతంతా నల్లగా మాడిపోయింది. కఫీల్ వచ్చి అరుస్తుంటే పెద్దాయన తల వంచుకుని, "ముఖ్ మాఫీ బాబా" అన్నాడు. నాకే బుర్ర లేదయ్యా అని దానర్థం. తప్పు నాదని చెప్పబోతే నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

కఫీల్ వెళ్లాక మాత్రం నా మీద విరుచుకుపడ్డాడు. "ఒక్క రాత్రి సలికి నేనేమన్నా సస్తానా? పూత ఏడాదికి ఒక్కసారే గదరా వచ్చేది!"

"వస్తే? మూడేళ్లుగా కాస్తోంది. ఒక్క కాయన్నా నీ చేతిలో పెట్టేరా?" అని నేనూ అరిచాను.

ఆయన ఆ జ్వరంతోనే దుప్పటి భుజాన వేసుకుని, విచ్చుకోని మొగ్గలేమైనా మిగిలాయేమో చూడ్డానికి చెట్టు దగ్గరకు నడిచాడు.