పన్నెండు సంతలకొక సబ్బు

దుకాణం నడిపే మా కాక చనిపోయాడన్న కబురు, అంగన్‌వాడీలో పిల్లలకు పప్పు వడ్డిస్తుండగా వచ్చింది. ఫోన్ చేసింది బస్టాండు దగ్గర మందుల షాపు అతను. "అక్కా, కాక బండి వాగుల కొట్టుకపోయిందంట. పొద్దుగాల మనిషిని బయటికి తీసిన్రు" అన్నాడు. ఫోన్ చంకలో ఇరికించుకుని, మిగిలిన నలుగురు పిల్లలకూ వడ్డించాకే కూర్చున్నాను.

కాక అని పిలిచినా ఆయన నాకు చుట్టమేమీ కాదు. హిందీ రాష్ట్రం అంచునున్న భోపాల్‌పట్నంలో సగం మందికి ఆయన కాకే. ఉప్పు, సబ్బులు, ఎండుచేపలు అమ్ముకునే చిన్న దుకాణం ఆయనది. మా వీధిలో కార్డు గీకే మషీను మొదట పెట్టింది కూడా ఆయనే. బ్యాంకు ఖాతాతో పాటు ఇచ్చే కార్డుకు ప్రమాద బీమా ఉంటుందనీ, అయితే ప్రమాదానికి ముందు తొంభై రోజుల్లో ఒక్కసారైనా ఆ కార్డు వాడి ఉండాలనీ ఎవరో బ్యాంకు మనిషి ఆయనకు చెప్పాడు. ఇక్కడ జనం వేలిముద్ర వేసి డబ్బు తీసుకుంటారు. కార్డు ట్రంకుపెట్టె అడుగున, పెళ్లిచీర కింద పడి ఉంటుంది. వేలిముద్రతో తీస్తే కార్డు వాడినట్టు కాదని తెలిసిన రోజు నుంచీ కాక ఊరందరి చెవుల్లో ఇల్లు కట్టుకుని పోరాడు.

వాగవతలి ఊళ్ల వాళ్లకు తొంభై రోజులంటే పట్టింపు ఉండదు. వాళ్ల లెక్కంతా వారానికొకసారి కూడే సంతల్లోనే. అందుకని కాక కూడా లెక్కను సంతల్లోకి మార్చాడు. "పన్నెండు సంతలకొక సబ్బు కొను. సబ్బొద్దంటే అగ్గిపెట్టె కొను. కార్డుతోని కొను, అంతే" అని తెలుగులో చెప్పి, మళ్లీ వాళ్ల దోర్లీ, గోండీ భాషల్లో చెప్పేవాడు. సర్కారు ఉద్యోగి కనబడితే అదే మాట హిందీలో. "కార్డు గూడ ఎద్దు లెక్కనే. కట్టేసి ఉంచితే పని మర్చిపోతది" అనేవాడు. కొందరు నవ్వేవాళ్లు. చూడగానే పక్క సందులోకి తిరిగిపోయేవాళ్లూ ఉండేవాళ్లు. అందులో నేనొకదాన్ని.

మా ఆయన బీజాపూర్‌కు జీపు నడిపేవాడు. ఒకరోజు జీపుకు అడ్డంగా నిలబడి కాక అడిగాడు.

"నీ కార్డుకు ఎన్ని సంతలాయెరా?"

"నన్ను చంపేదాక ఊకోవా ఏంది కాకా?" అని మా ఆయన నవ్వాడు.

కాక నవ్వలేదు. మషీను తెచ్చి బానెట్ మీద పెట్టాడు. ఆ పూట మా ఆయన గంధం సబ్బొకటి ఇంటికి తెచ్చి నా ఒళ్లో పడేశాడు. మూడు వారాలకు జీపు లోయలో పడింది. అప్పటికి ఆ సబ్బు సగం కూడా అరగలేదు.

ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, చాలా రోజులు నేను కాక ముఖం చూడలేకపోయాను. ఆయన నోటి దోషం వల్లే ఇలా అయిందని నలుగురిలో అన్నాను కూడా. ఆ మాట ఆయన చెవిన పడింది. అయినా మర్నాడు ఫారం పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చాడు. "నన్ను తిట్టు బిడ్డా, ఎంతన్న తిట్టు. ఫారం మాత్రం నింపు" అన్నాడు. బీమా డబ్బు చేతికొచ్చేదాకా నాతో పాటు బ్యాంకుకు ఎన్నిసార్లు తిరిగాడో. ఇవాళ నా బిడ్డ నర్సింగు చదువుతోందంటే, మేం ఊరొదిలి కూలికి పోలేదంటే, అది ఆ మొండి మనిషి చలవే.

ఈ వానాకాలం వాగు పొంగి వరసగా మూడు సంతలు కూడలేదు. అవతలి ఊళ్ల వాళ్లకు కూడని సంత సంతే కాదు, దాన్ని లెక్కలో వేసుకోరు. ఆ సంగతి కాకకు ఆలస్యంగా తట్టింది. "సంత ఆగింది గని రోజులు ఆగినయా? ఆల్లు ఇంకా టైమున్నదనుకుంటరు" అంటూ మషీను, పది సబ్బులు ప్లాస్టిక్ సంచిలో చుట్టి బండికి కట్టుకున్నాడు. వాన తగ్గాక పొమ్మని చిన్నమ్మ, అంటే కాక భార్య, బతిమాలింది. వినలేదు. వాగు మీది చిన్న వంతెన నడుమ బండి జారింది.

దినాలు అయ్యాక చిన్నమ్మను నేనే బ్యాంకుకు తీసుకెళ్లాను. నన్ను ఆయన తీసుకెళ్లినట్టే తీసుకెళ్లాలనుకున్నాను. వాళ్లకు పిల్లలు లేరు, పొలం లేదు. వాన నీళ్లకు దుకాణం వెనక గోడ కూలిపోయింది. ఆ బీమా ఒక్కటే ఆమెకు ఆధారం. కౌంటరు అబ్బాయి తెర మీద వెతికి, తల వంచుకుని చెప్పాడు. కాక పోయిన నాటికి, తన కార్డు చివరిసారి వాడి తొంభై రోజులు దాటి ఇంకో తొమ్మిది రోజులైందట.

ఆయన కార్డును ఆయన మషీను తీసుకోదు. అందుకని ప్రతిసారీ మందుల షాపుకు వెళ్లి, తనకు కావలసిన మందేదో కొని గీకించుకునేవాడు. పోయిన నెల షాపతను గుర్తుచేస్తే, "నాకింకా రెండు సంతలున్నయి" అన్నాడట. ఊరందరి లెక్క దిద్దడానికి వెళ్లిన మనిషి, కూడని సంతలను తన లెక్కలో వేసుకోనే లేదు. దీపం కింద చీకటి అంటే ఇదే కాబోలు. నాకు దుఃఖం కన్నా ముందు కోపం వచ్చింది. ఆయన మీద, రూలు మీద, ఆ వాన మీద.

"తొమ్మిది రోజులేనా?" అంది చిన్నమ్మ మెట్లు దిగుతూ. నేను తల ఊపాను.

సగం దారిలో నాకు ఆమె కార్డు గుర్తొచ్చింది. దానికీ ఆ వారంతో గడువు అయిపోతుంది. ఆయనది ఎలాగూ పోయింది, ఈమెదైనా దక్కాలని మందుల షాపుకు తీసుకెళ్లాను.

"ఏమన్న ఒకటి కొను చిన్నమ్మా."

ఆమె అరల వంక చూసింది. కార్డు బల్ల మీద పెట్టి, "మోకాళ్ల నొప్పులకు పూసేది ఉంటది గద, అదియ్యి" అంది.

షాపతను చెయ్యి చాచి, ఏ రకమని అడక్కుండానే పచ్చ ట్యూబు తీశాడు. తీశాక ఆ చెయ్యి అక్కడే ఆగిపోయింది. చిన్నమ్మకు మోకాళ్ల నొప్పుల్లేవు. ఆ మందు ఎవరిదో ముగ్గురికీ తెలుసు. అతను మషీను ఆమె ముందుకు జరిపి గోడ వైపు తిరిగాడు. చిన్నమ్మ ఒక్కో అంకె చూసి చూసి నొక్కింది. చీటీ వచ్చింది. ఆమె ట్యూబును కొంగున ముడేసుకుని, ఇంట్లో ఎవరో ఎదురుచూస్తున్నట్టు వానలో గబగబా నడిచింది.