ఆళ్లగడ్డ నుంచి వచ్చిన ఫోను

పాతికేళ్లకు పైగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చిన్నదే. రెండు మాటలు. అమ్మ ఉన్నన్నాళ్లూ అది గొంతుకు అడ్డం పడుతూ ఉండేది. ఆమె పోయాక గుండె మీదికి దిగి కూర్చుంది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

అమ్మది ఆళ్లగడ్డ. రాతి విగ్రహాలు చెక్కే ఇల్లు. తాత పోయాక మామ, అంటే అమ్మకు అన్న, ఉలి పట్టాడు. ఆయన చెక్కిన విగ్రహాలను అమ్మా, వాళ్లమ్మ అంటే మా అవ్వా ఎదురెదురుగా కూర్చుని, నీళ్లు పోస్తూ, నున్నగా అయ్యేదాకా రుద్దేవాళ్లట. పెళ్లయి నంద్యాల వచ్చి, తలుపులూ మంచాలూ చేసే మా నాయన ఇంట్లో ఎన్నేళ్లు గడిపినా ఆ అలవాటు పోలేదు. ఎక్కడ నల్లరాయి కనిపించినా అరచేత్తో ఒకసారి నిమిరి, "ఇంకా గరుకుండాది" అనేది, తనలో తాను.

అది నా నిశ్చితార్థానికి ముందు రోజు. అంతకు ముందే ఒక సంబంధం తాంబూలాల దాకా వచ్చి తప్పిపోయింది. వీధిలో అందరికీ తెలుసు. ఈసారి అవుకు సంబంధం. అబ్బాయి నాకు నచ్చాడు. మధ్యాహ్నం అమ్మ వంటింట్లో లడ్డూలకు బూందీ దూస్తోంది. ముందు గదిలో ఫోను మోగితే నేనే ఎత్తాను.

మామ. "అమ్మీ, అవ్వకు బాగల్యా. పొద్దున్నుంచీ మీ అమ్మనే అడుగుతాంది. బేగా బస్సెక్కించు."

"సరే మామా" అని పెట్టేశాను.

"ఎవరే ఫోన్లో?" వంటింట్లోంచి అమ్మ.

"రాంగ్ నంబరు మా."

ఆలోచించకుండా నోట్లోంచి వచ్చేసిందని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. నిజమేనా? అమ్మ వెళ్తే రేపటి పని ఎవరు చూస్తారని, అవ్వ పోతే మైల అని అన్నీ ఆగిపోతాయని, ఆగితే ఈ పిల్లకు ఏదో ఉందని అవుకు వాళ్లు వెనక్కి తగ్గుతారని, అవ్వకు ఇదివరకూ ఇలాగే అయి మళ్లీ లేచి తిరిగింది కదా, రేపు సాయంత్రం నేనే అమ్మను పంపిస్తానని, ఇవన్నీ ఆ ఒక్క క్షణంలో నాలో తిరగలేదా? తిరిగాయి. ఇంకొకటి కూడా చేశాను. రిసీవరును కాస్త పక్కకు జరిపి పెట్టాను. మళ్లీ మోగకుండా. అది మాత్రం ఆలోచించే చేశాను.

మర్నాడు తాంబూలాలు మార్చుకున్నారు. నా వేలికి ఉంగరం తొడిగారు. ఈలోగా ఎవరో రిసీవరు సరిగ్గా పెట్టినట్టున్నారు. భోజనాలవుతుండగా ఫోను మోగింది. ఈసారి నాయన ఎత్తాడు. అవ్వ పోయింది.

మేం ఆళ్లగడ్డ చేరేసరికి, సగం చెక్కిన రాళ్ల మధ్య, వాకిట్లో అవ్వను పడుకోబెట్టి ఉంచారు. అమ్మ అవ్వ చెంపలు తడిమి చూసింది. తర్వాత తలెత్తింది.

"కొనూపిరుండంగ ఒక్క ఫోన్ చేసేకి చేతులు రాల్యాదా అన్నా నీకు?"

మామ నావైపు చూశాడు. నా ముఖం చూశాడు, తర్వాత నా చేతికున్న ఉంగరం చూశాడు. అప్పుడు తల దించుకున్నాడు.

"లైను కల్వల్యా."

"కల్వకపోతే మనిషిని పంపకూడదా? గంట దూరం గదప్పా!"

ఆయన అవ్వ కాళ్ల దగ్గరికెళ్లి కూర్చున్నాడు. నేను ఉంగరమున్న చెయ్యి వెనక్కి దాచుకున్నాను.

అమ్మ మళ్లీ ఆ ఇంటి గడప తొక్కలేదు. నా పెళ్లికి మామను పిలవలేదు. పెళ్లికూతుర్ని పీటల మీదికి తేవాల్సింది మేనమామ. నన్ను నాయన వైపు బంధువెవరో తెచ్చారు. బుట్టలో తల వంచుకుని కూర్చుంటే అందరూ సిగ్గనుకున్నారు.

అప్పటిదానికైతే చిన్నపిల్లనని సర్దిచెప్పుకోవచ్చు. ఆ తర్వాతదానికి సర్దిచెప్పుకోలేను. కొన్నేళ్లకు, రాతిపొడి మింగి మింగి ఊపిరితిత్తులు చెడి, మామ పోయాడు. కబురు నాకే వచ్చింది. ఈసారి వెంటనే చెప్పాను. అమ్మ మెంతాకు తుంచుతోంది. చెయ్యి ఆపలేదు.

"మా యమ్మను నన్ను కండ్లారా చూసుకోనీల్యా. ఆయప్పను నేను చూసేదేముంది?"

బస్సులు ఉన్నాయి. టైముంది. ఒక్క మాట అంటే చాలు, ఆమె ఉన్నపళంగా లేచి పరిగెత్తేది. నేను పక్కన కూర్చుని, నేనూ మెంతాకు తుంచాను. ఎందుకు? ఆమె నావైపు ఎలా చూస్తుందో అని. అంతే. ఆ చూపు తప్పించుకోవడానికి, అన్నను చివరిసారి చూసుకునే అవకాశం కూడా ఆమెకు లేకుండా చేశాను.

పోయిన ఏడాది వానాకాలంలో అమ్మ పోయింది. ఇప్పుడు ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడు వంటింట్లోంచి వినిపిస్తుంది, "ఎవరే ఫోన్లో?" అని. కోపంగా కాదు. మామూలుగా. చేతిలో పనుండి అడిగినట్టు. అలా వినిపిస్తున్నందుకే భయం.

దినం రోజు అందరూ అమ్మ బతుకు గురించి మాట్లాడుకున్నారు. రాళ్లు రుద్దింది, పిల్లల్ని పెంచింది, ఎవర్నీ చెయ్యి చాచి అడగలేదు. నా కూతురు, పక్కింటావిడతో అంది: "మా అవ్వను, కన్నతల్లిని కడసారి చూడనీకుండా చేసినాడంట వాళ్లన్న. అవ్వ ఆ బాధతోనే పోయింది."

గోడవారగా మామ భార్య, మా అత్త, కూర్చుని ఉంది. వినింది. విస్తరి ముందు నుంచి లేచి చెయ్యి కడుక్కుంది. వాకిట్లో ఆమెను ఆపాను.

"ఆయప్ప పోయే ముందర గూడా, చెల్లెలు వచ్చిందా అనే అడిగినాడమ్మా" అంది. తప్పు పట్టినట్టు అనలేదు. ఆమెకేం తెలుసో, ఏం తెలియదో నాకు తెలియదు. ఆటో ఎక్కి వెళ్లిపోయింది.

నేను దాచింది ఒక ఫోనే అనుకున్నాను. కానీ ఒక మనిషి బతుకునే తప్పుగా రాసేశాను. ఇప్పుడది నా పిల్లలు చెప్పుకుంటున్నారు, రేపు వాళ్ల పిల్లలు చెప్పుకుంటారు. క్షమించమని అడగడానికి అమ్మ లేదు, మామ లేడు. ఉన్నా అడిగేదాన్నా? ఏమో. మిమ్మల్ని కూడా అడగను.

మా మామ మోసం చేయలేదు. అవ్వకు బాగలేదని చెప్పాల్సిన ఇంటికే చెప్పాడు, పంపాల్సిన కబురే పంపాడు. ఆ ఫోను ఎత్తింది నేను.

ఇదంతా రాసేశాను. బరువు దిగిందని అనను. ఊపిరి మాత్రం ఒక్కసారి పూర్తిగా లోపలిదాకా వెళ్లింది.