పగలోనూ మారని వరస

రైలు తలుపు దగ్గర దిగడానికి తటపటాయించే ఏ వృద్ధుణ్ణి చూసినా నాకు ఇప్పటికీ మస్తాన్ తాత గుర్తుకొస్తారు. ఒక వక్తృత్వ పోటీ కోసం శ్రీకాకుళం నుంచి వచ్చిన నేను నంద్యాలలో కడప రైలెక్కాను. పక్కసీటు ఆయనది. నేను ఫోన్‌లో ఒక సెర్బియా యుద్ధచిత్రం చూస్తున్నాను. నిన్నటి ఇరుగుపొరుగువాళ్లే చెరో కందకంలో దాక్కుని కాల్చుకుంటున్నారు. మధ్యలో ఒకడు తుపాకీ దించి, "మా ఆవుకు నీళ్లు పెట్టారా?" అని అవతలివాళ్లను కేకేసి అడుగుతాడు.

"ఏమంటాండాడప్పా వాడు?" అన్నారు తాత. అర్థం చెప్పగానే పగలబడి నవ్వారు.

"మాదీ ఇదే కత. ఎలక్షన్ గొడవల్లో మా పక్కింటి సుబ్బారెడ్డి మామ కొడవలి పట్టుకోని, 'బయటికి రారా అల్లుడా, నరుకుతా' అనె. నేను తలుపేసుకోని, 'రాను పో మామా' అంటి."

"నరకడానికి వచ్చినవాణ్ణి మామా అని ఎలా పిలవగలిగారు?" తర్కం కుదరక అడిగాను.

"పగ వచ్చిందని వరస మారుతాదా?"

నేను ఫోన్ పక్కన పెట్టేశాను.

ఆ గొడవతోనే తాత ఊరు వదిలేశారట. ఇరవై ఏళ్ల తర్వాత మామను చూడాలనిపించి బయలుదేరారు. "వస్తాండానని ఫోన్ చేస్తే పలక్కుండా పెట్టేసినాడు. శానా బయంగా ఉండాదప్పా."

జమ్మలమడుగులో రైలాగింది. తాత తలుపు దగ్గరే నిలబడిపోయారు. చేతికర్ర పట్టుకున్న ఒక వృద్ధుడు మా బోగీ దగ్గరికి వచ్చి గద్దించాడు. "ఇన్నేండ్లు యాడ సచ్చినావురా అల్లుడా? దిగు!"

తాత తలుపు కమ్మీ వదల్లేదు.

"కొడవలి తేలేదు గదా మామా?" అని అడిగి, కళ్లు తుడుచుకుంటూ దిగారు.