రేడియో మామ్మ, పక్క సీటు అద్దం

ఆవిడకి ఆ పేరు పెట్టింది బడిపిల్లలు. కారు ముందు సీట్లో మొగుడి పక్కన కూర్చుందంటే చాలు, ఇంటి దగ్గర మొదలైన నోరు బడి గేటు దాకా మూతపడదు. "అబ్బబ్బ, ఈ పాడు లైటు ఎప్పుడు చూసినా ఎర్రగానే ఏడుస్తుంది!" "ఆ స్కూటరువాడికేం పోయేకాలం, కుడిపక్కనుంచి దూసుకొస్తున్నాడు?" "ముసలాయన రోడ్డు దాటుతున్నాడు, ఆయన అవతలికి చేరేసరికి మీకు పెళ్ళిళ్ళవుతాయర్రా పిల్లలూ!" వెనక సీట్లో పిల్లలు పడీ పడీ నవ్వేవాళ్ళు. రేడియో మామ్మ అన్నారు. ఆ పేరే వీధంతా పాకింది.

రేడియో ఎందుకు మోగుతోందో ఎవరికీ తెలీదు. ఆవిడకి తెలుసు. ఆయనకి చూపు ఆనడం లేదు.

ఆయన్ని అందరూ నిదానం తాతగారు అంటారు. వయసులో ఉండగా లారీ తోలాడు, తర్వాత బస్సు, ఆ తర్వాత చాలాకాలం ఒక కంపెనీ పెద్దమనిషి కారు. పెద్దతనం వచ్చాక పాత కారొకటి తెచ్చుకుని వీధిలో పిల్లల్ని బడికి దింపుతున్నాడు. వాళ్ళలో సొంత మనవరాలు కూడా ఒకతె. దాన్ని ఇంట్లో పిడుగు అంటారు, ఆ పేరుకి తగినదే. "తాతగారు ఎంత నిదానమండీ, ఎవర్నీ దాటి పోరు" అని తల్లులంతా మెచ్చుకుంటారు. ఏం దాటతాడు పాపం, ముందు బండి వెనక దీపాలు పట్టుకుని పోతున్నాడు మహానుభావుడు! ఆ మెచ్చుకోలు విన్నప్పుడల్లా మామ్మ మాట మార్చేసేది.

కిందటి వానాకాలంలో ఆయన ఒక్కడే కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చాడు. "ఏమన్నాడండీ?" అంటే "కళ్ళజోడు మార్చుకోమన్నాడు" అన్నాడు. ఆ కొత్త కళ్ళజోడు ఇవాళ్టికీ రాలేదు. మామ్మ మళ్ళీ అడగలేదు. అడిగితే నిజం చెప్పేస్తాడేమోనని భయం. ఆ మర్నాడే "ఇంట్లో ఉక్కగా ఉంది, నేనూ వస్తా పదండి" అంటూ కారెక్కింది. ఇక దిగలేదు. మోకాళ్ళ నొప్పులతో ఎక్కలేక దిగలేక అవస్థ పడుతుంటే కోడలు కోప్పడేది.

"ఈ వయసులో రోజూ మీకెందుకీ తిరుగుడు అత్తయ్యా?"

"కాస్త గాలి కోసమేనే" అనేది.

అరె, మొగుడూ పెళ్ళాం ఒక్క మాట అనుకోవచ్చుగా! "నాకు కనపడటం లేదే" అని ఆయనా, "ఇంక చాలించండి" అని ఈవిడా. ఊహూఁ. ఈవిడ లైటుని తిట్టడం, ఆయన ఆ తిట్టు విని బ్రేకు తొక్కడం, కాపరం అలా నడిచిపోతోంది. ఎందుకంటే ఒకసారి జ్వరమొచ్చి ఆయన కొన్నాళ్ళు స్టీరింగు ముట్టలేదు. ఆ కొన్నాళ్ళూ గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఎవరు పలకరించినా "ఆఁ" అనేవాడు, అంతే. కారు మానిపిస్తే మనిషే దక్కడని మామ్మ భయం. ఆ భయంలో వెనక సీట్లో ఉన్నది పిల్లలన్న సంగతి ఆవిడకి గుర్తు లేక కాదు. గుర్తుండీ, రోజూ పొద్దున్నే దాన్ని మింగేసి కారెక్కేది.

మొన్నీమధ్య సందు మలుపులో సైకిలు మీద ఎవరో అడ్డమొచ్చారు. ఆ క్షణాన ఆవిడ వెనక్కి తిరిగి పిల్లల జగడం తీరుస్తోంది. తల తిప్పేసరికి సైకిలు కారు మూతి ముందుంది. "ఆపండీ!" అని గావుకేక పెట్టింది. చెయ్యి చాపితే అందేంత దూరంలో ఆగింది కారు. ఆవిడ పైప్రాణాలు పైనే పోయాయి. "చూశాన్లేవే, ఎందుకలా అరుస్తావు?" అన్నాడాయన. అన్నాడే గాని సైకిలు వెళ్ళిపోయినా కారు కదపలేదు. పిల్లలకి అదీ నవ్వులాటే అయింది.

ఇలా ఉండగా శుక్రవారం సాయంత్రం ఇంటికొస్తుంటే ఆవిడ సీటు పక్క కిటికీ అద్దం ధడేలుమని తలుపులోకి పడిపోయింది. స్విచ్చి నొక్కితే లోపల మోటారు గుర్రుమంటుంది గాని అద్దం పైకి రాదు.

"కేబులు తెగింది. అద్దాన్ని ఎత్తి దించే విండో మెషినే మార్చాలి" అన్నాడాయన, చప్పుడు వినే. చప్పుళ్ళ దగ్గర ఆయన్ని మించినవాడు లేడు.

"షెడ్డులో ఇచ్చేయండి మావయ్యగారూ, మీకెందుకీ శ్రమ" అంది కోడలు.

ఆయన ససేమిరా అన్నాడు. కారణం మామ్మకి తెలుసు. షెడ్డు మేస్త్రీ లారీ రోజుల్లో ఆయన దగ్గర పని నేర్చుకున్నవాడు. కిందటిసారి వెళ్ళినప్పుడు కారు పక్కభాగం మీద గీతల్ని వేలితో రాసి చూసి, "గురువుగారూ, ఎక్కడ గీకించుకొచ్చారివి? మీ చేతికి ఇలాంటివి రావే!" అని నవ్వాడు. వాడు వేళాకోళానికే అన్నాడు. ఈయన మాత్రం తేలు కుట్టిన దొంగలా నోరెత్తకుండా వచ్చేశాడు. మళ్ళీ ఆ వీధిలోకి కారు తిప్పలేదు. ఇప్పుడు కూడా ఫోను చేసి దుకాణం మనిషి చేత కొత్త మెషిను ఇంటికే తెప్పించుకున్నాడు.

ఆదివారం పొద్దున వాకిట్లో గోడ నీడన కారు పెట్టి, పక్కన పాత తెల్ల దుప్పటి పరిచి కూర్చున్నాడు. మామ్మ ముక్కాలిపీట వేసుకుని ఎదురుగా చేరింది. ముందు తలుపు లోపలి అట్ట ఊడదియ్యాలి. పిడి వెనక దాక్కున్న స్క్రూలు ఆయన వేలిగోటితోనే వెతికి పట్టాడు. అంచు కింద చెయ్యి దూర్చి లాగితే క్లిప్పులు టపటపమని ఊడొచ్చాయి. స్విచ్చి వైరు విప్పి, అట్ట తీసి ఆవిడకిచ్చాడు. దాని వెనక ప్లాస్టిక్కు కాగితం, అది వలిస్తే తలుపు ఇనుములో ఒక బొక్క, బొక్కలో చీకటి. మోచేతి దాకా చెయ్యి పోనిచ్చి, పడిపోయిన అద్దాన్ని పైకెత్తి పట్టుకున్నాడు. ఆవిడ దాన్ని పైచట్రానికి టేపుతో అంటించింది.

"ఇంక నువ్వు మాట్లాడకు" అన్నాడు.

"నా నోరు మిమ్మల్నేం చేసిందిట?"

"లోపల చేతులు చూసుకుంటాయే. నువ్వు వాగితే వాటికి వినపడదు."

ఆవిడ నవ్వింది. ఎన్నాళ్ళకో నవ్వింది. నిజమే మరి, ఆ బొక్కలో ఎవరి కళ్ళూ పనిచెయ్యవు, అక్కడ ఆయనకీ లోకానికీ తేడా లేదు. పానా ఎక్కడ తగిలించాలో అక్కడే తగిలిస్తున్నాడు. ఒక్కో బోల్టూ విప్పి దుప్పటి మీద పెడుతున్నాడు. తెగిన కేబులు వేలాడుతున్న పాత మెషిన్ని అటు వంచి, ఇటు తిప్పి, బొక్కలోంచి గీత పడకుండా బయటికి లాగాడు. మోటారు దాన్నుంచి విప్పి కొత్తదానికి బిగించాడు. దాన్ని వచ్చిన దారినే లోపలికి పంపాడు. నుదుట చెమట, పెదవుల మీద కూనిరాగం. పాతికేళ్ళ కిందటి మనిషి వచ్చి కూర్చున్నట్టుంది. "చూశావా, షెడ్డువాడైతే ఈపాటికి సగం క్లిప్పులు విరగ్గొట్టేవాడు" అన్నాడు గర్వంగా. ఈ మనిషిని కారు వదిలెయ్యమని ఏ నోటితో అంటాను తల్లీ అనుకుంది ఆవిడ.

అంతలో ఆయన బోల్టు కోసం దుప్పటి మీద చెయ్యి వేశాడు.

బోల్టు అక్కడే ఉంది. తెల్ల దుప్పటి మీద నల్ల బోల్టు, ఆయన మోకాలి ముందే. చెయ్యి దాని పక్కనుంచి పోయింది. మళ్ళీ వెనక్కొచ్చింది. ఇటు తడిమింది, అటు తడిమింది. మామ్మ మెల్లిగా వంగి, చూపుడు వేలితో ఆ బోల్టుని ఆయన వేళ్ళ కిందకి తోసింది.

ఆయన చెయ్యి ఆగిపోయింది. బోల్టు కదలడం వేళ్ళకి తెలిసింది.

"నా సామాను కదపొద్దని నీకెన్నిసార్లు చెప్పాలి?" అని కసిరాడు. "ఇక్కడ పెట్టింది అక్కడికి తోస్తావు. మళ్ళీ నేను వెతుక్కోవాలి."

"నేను తోశానా?"

"నువ్వు కాకపోతే దానికి కాళ్ళొచ్చాయా? అడుగడుక్కీ అడ్డం పడతావు. కారులోనూ అంతే, ఇక్కడా అంతే!"

కారులోనూ అంతేనట! ఆ మాట ఆవిడకి చురుక్కుమని తగిలింది. ఎవరి కోసం కీళ్ళు అరగదీసుకుంటోంది? ఎవరి కోసం గొంతెండిపోయేలా వాగుతోంది? కళ్ళలో నీళ్ళు తిరిగాయి, వాటి వెంటే కోపం తన్నుకొచ్చింది. "అయితే మీరే చేసుకోండి. నేనెవర్ని మధ్యన!" అని పీట కాలితో తన్ని లోపలికి పోయింది. స్టవ్వు మీద పాలు పెట్టింది. ఆయన కారు దగ్గర ఉండగా ఆవిడ లోపలికి పోవడం ఆ వానాకాలం తర్వాత అదే మొదలు.

బయట ఆయన పట్టుదలగా మిగతా బోల్టులు బిగించాడు. టేపు ఊడదీసి, అద్దాన్ని కిందికి దించి, కొత్త మెషిను పట్టుల్లో కూర్చోబెట్టి, వైర్లు తగిలించి తలుపు మూశాడు. అట్ట మూసేముందు ఒకసారి ఆడించి చూడాలి. అటుగా వెళ్ళి డ్రైవరు సీట్లో కూర్చుని తాళం తిప్పాడు. అన్ని అద్దాల స్విచ్చులూ అక్కడే ఉంటాయి. కొంచెం నొక్కాడు. అద్దం జానెడు పైకొచ్చి ఆగింది. చప్పుడు మెత్తగా ఉంది. ఆయన మామ్మ సీటు పక్క కిటికీ వైపు తిరిగి, తల కొంచెం వంచి, ఆ చప్పుడు కోసం చెవి పెట్టాడు.

సరిగ్గా అప్పుడే పిడుగు వచ్చింది. ఆ కిటికీ బయట మునివేళ్ళ మీద నిలబడి, అద్దం అంచు రెండు చేతులా పట్టుకుని, తాతయ్యకి మొహం పెట్టింది. నాలిక చాపింది. కళ్ళు తిప్పింది. తాతయ్య తనవైపే చూస్తున్నాడు. నవ్వడం లేదేం? బుగ్గలు పూరించింది. నవ్వించేదాకా నోరు విప్పకూడదన్నది దాని ఆట. ఒక్క చప్పుడూ చెయ్యలేదు.

ఆయన స్విచ్చి నొక్కి పట్టాడు.

కేక విన్న మామ్మ పొంగుతున్న పాలు అలాగే వదిలి పరిగెత్తుకొచ్చింది. దండెం దగ్గర బట్టలారేస్తున్న కోడలు ఆవిడకన్నా ముందే చేరింది. పిల్ల వేళ్ళు అద్దానికీ పైచట్రానికీ మధ్య ఇరుక్కున్నాయి. ఆ కేకకి ఆయన చెయ్యి స్విచ్చి మీంచి జారిపోయింది. మళ్ళీ తడుముతున్నాడు, దొరకడం లేదు. కోడలు ఆయన మీదుగా చెయ్యి దూర్చి కిందికి నొక్కింది. వేళ్ళు బయటికొచ్చాయి.

"నీకే కదా మొహం పెడుతున్నా!" అని ఎక్కిళ్ళు పెడుతూ ఏడ్చింది పిడుగు. "నువ్వు నన్నే చూస్తున్నావుగా తాతయ్యా! చూస్తూ చూస్తూ నొక్కేశావు!"

కోడలు తలెత్తి మావగారి వైపు చూసింది. మామ్మకి నోటి అలవాటు పోలేదు. "ఎండ కళ్ళలో కొట్టుంటుందే తల్లీ, అందుకే..." అనేసింది. కారు నీడలో ఉంది. ఆ వాకిట్లోకి ఇంకా ఎండే రాలేదు.

ఆయన కారు చుట్టూ తడుముకుంటూ వచ్చి పిల్ల ముందు చతికిలబడ్డాడు. గ్రీజు చేతులతో దాని చేతులు రెండూ పట్టుకున్నాడు. ఒక్కో వేలే, ఒక్కో కణుపే, భయంభయంగా తడిమాడు. విరగలేదు. అన్నీ వంగుతున్నాయి. కానీ ఏదో తడి తగిలింది. బొటనవేలితో ఆ తడిని రుద్ది, కళ్ళ దగ్గరికి తెచ్చుకున్నాడు, ఇంకా దగ్గరికి తెచ్చుకున్నాడు. ఆ మనిషి మొహం చూడలేకపోయింది మామ్మ.

"తడిగా ఉంది" అన్నాడు. "రక్తమా ఇది? ఎవరైనా చెప్పండి. నాకు కనపడటం లేదు."

లోపల పాలు మాడిన వాసన వస్తోంది.

"కనపడటం లేదమ్మా నాకు" అన్నాడు మళ్ళీ. "రక్తమైతే చెప్పు."

"రక్తం కాదు మావయ్యగారూ" అంది కోడలు, కూతురి చేతులు మెల్లిగా తీసుకుని. "కన్నీళ్ళు. వేళ్ళు కమిలాయి, అంతే."

ఆయన "అమ్మయ్య" అని కారు చక్రానికి ఆనుకుని మొహం చేతుల్లో దాచుకున్నాడు. కోడలు పిల్లని చంకనెత్తుకుని లేచింది. అత్తగారి వైపు తిరిగింది. రోజూ పిల్ల వచ్చి చెప్పి నవ్వే ఆ ముందు సీటు వాగుడంతా ఒక్కొక్కటే ఇప్పుడు అర్థమవుతున్నట్టు చూసింది.

"మీకు తెలుసు" అంది.

మామ్మ ఇందాక తను తన్నిన పీటని లేపి నిలబెట్టింది.

"మావయ్యగారు దాచారు, ఆయన బతుకది, సరే. మీకు రెండు కళ్ళూ బాగానే ఉన్నాయిగా అత్తయ్యా. రోజూ నా పిల్లని ఆ వెనక సీట్లో ఎలా కూర్చోబెట్టారు?"

మొగుడి పరువు కోసమని చెప్పచ్చు. మనిషి దక్కడని భయపడ్డానని చెప్పచ్చు. రెండూ నిజమే. కానీ ఆ క్షణాన ఆవిడ మనసులోకి వచ్చింది ఆ రెండూ కాదు. కాపరానికొచ్చిన నాటినుంచీ ఆయన ఎవరెవర్నో కూర్చోబెట్టుకుని తిరిగాడు. లోడుతో లారీ, జనంతో బస్సు, పెద్దమనిషితో కారు. ఆవిడ గుమ్మంలో నిలబడి చూసేది. ఇన్నేళ్ళకి, ఆయనకి చూపు పోయాక, రోజూ పొద్దునా సాయంత్రం ఆయన పక్కన కూర్చుని తిరిగింది. బాగుండేది. చాలా బాగుండేది. ఆ మాట కోడలికి చెప్పే మొహం ఆవిడకి లేదు.